కోటిబాబు కారు వెనక చప్పుడు

గురజాలలో ఆ సందు చివరి ఇంటి ముందు నుంచి పొద్దుగూకాక ఎవరూ నడవరు.

ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు. పాలు పోసే మనిషి చెప్పేదాన్ని బట్టి, లోపల కారు డోరు వేసిన చప్పుడు వచ్చిద్ది. ధడ్‌మని... ఒక్కసారే. టీకొట్టు కాడ చెప్పేదాన్ని బట్టి, బీడీ వాసన. కిటికీలన్నీ మూసున్న ఇంట్లోంచి బీడీ వాసన ఎట్టా వచ్చిద్దిరా అంటే, అదే గదా మేం చెప్పేది అంటారు. పానీపూరీ బండి దారి మార్చుకుంది. కుక్కలు కూడా ఆ గేటు దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వచ్చిన దారినే పోతాయంట.

ఎదురింటి కుల్సుం ఒక్కతే నవ్వేది. కోటిబాబన్న బతికున్నన్నాళ్లూ చీమకి కూడా దారిచ్చి బండి నడిపిన మనిషి, దెయ్యమైతే మాత్రం ఏం చేస్తాడు, మహా అయితే హారన్ కొడతాడు అనేది. అనేదే గానీ... చీకటి పడితే ఆవిడ కూడా ఆ వైపు కిటికీ తెరిచేది కాదు.

కోటిబాబు గురజాల స్టాండులో అద్దెకారు తోలేవాడు. ఒక తెల్లారుజామున కిరాయి దింపొచ్చి, కారు షెడ్డులో పెట్టి, లోపలికొచ్చి మంచినీళ్లు అడిగాడు. నీళ్లు తెచ్చేలోపే పోయాడు. గుండె.

అంతవరకైతే ఏ ఇంట్లోనన్నా జరిగేదే. కానీ పంతులు పంచాంగం తిరగేసి, వేళ్ల మీద ఏదో లెక్కేశాడు. తర్వాత తలకాయ అడ్డంగా ఊపాడు.

ధనిష్ఠ.

ధనిష్ఠా పంచకంలో మనిషి పోతే ఇల్లు పాడుబెట్టాలి. ఆరు నెలలు ఆ ఇంట్లో పొయ్యి వెలగకూడదు, దీపం పెట్టకూడదు, మనిషి పడుకోకూడదు. పోయినాయన అన్నాళ్లూ అందులోనే ఉంటాడంట. కాదు కూడదని ఎవరన్నా అక్కడే ఉన్నారా... ఆయన ఒక్కడే పోడు. ఇంట్లోవాళ్లని తోడు తీసకపోతాడు. అందుకని దినాలు కాగానే తలుపుకి తాళం వేశారు, గేటుకి అడ్డంగా తుమ్మకంప కట్టారు. కోటిబాబు పెళ్లాం రాములమ్మనీ, కూతురు యముననీ రాములమ్మ తమ్ముడు ఆంజనేయులు మాచర్లలో తన ఇంటికి తీసకపోయాడు. అప్పణ్ణించి ఆ ఇంటికి దెయ్యపు కొంపని పేరు.

యమునకి ఏడుపు రాలా.

శవం లేచాక షామియానా మనిషి వచ్చి కుర్చీలు అడిగితే, ఒక్కోటీ తుడిచి ఇచ్చింది. అది మాత్రం ఆ పిల్లకి బాగా గుర్తుంది. ఒక కుర్చీకి కాలు విరిగుండటం, అది మేం విరగ్గొట్టలేదని ఆ మనిషితో వాదించటం. మిగతాదంతా టీవీకి సౌండు తీసేసి పెట్టినట్టు. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తాడే, పెదవి మనది కాదన్నట్టు అయిపోయిద్దే... ఒళ్లంతా అట్టా ఉండేది. డిగ్రీ అయిపోయి ఏదో పరీక్షకి చదువుతుండేది. ఇప్పుడు పుస్తకం తెరిస్తే తెరిచిన పేజీ తెరిచినట్టే పొద్దుగూకేది.

రాములమ్మ సంగతి వేరు. ఆమె తినటం మానేసింది.

మానేశానని చెప్పలేదు. కంచం ముందు కూచునేది, కలిపేది, రెండు ముద్దలు మింగి చెయ్యి కడుక్కునేది. తమ్ముడిది మేడ మీద రెండు గదుల ఇల్లు. కింద ఓనరు వాళ్లు పొద్దున్నే ఆమె ఎదురుపడకుండా చూసుకుంటున్నారని అందరికీ తెలుసు. ఆమెకీ తెలుసు. అందుకని మెట్లు దిగటం కూడా మానేసింది. జాకెట్లు వదులైపోయినయ్. గాజుల్లేని చేతులు పుల్లల్లాగా అయినయ్. డాక్టరు చూసి, రోగమేం లేదమ్మా, తిండి లేదు అన్నాడు. యమునని పక్కకి పిలిచి, ఇట్టాగే ఉంటే మీ అమ్మ ఎన్నాళ్లో లాగదు అన్నాడు.

ఆ మాట విని యమున సరేనండి అంది. మందులషాపు నుంచి మెట్ల దాకా నడిచొచ్చాక గానీ, తను సరేనన్నది దేనికో అర్థం కాలా.

ఒకే ఒక్కసారి రాములమ్మ తమ్ముణ్ణి అడిగింది. ఇంటికి పోదామా అని.

ఆంజనేయులు మంచోడే. క్వారీలో లారీల లోడింగు చూసే మేస్త్రీ. పది మందిని అదిలించి పని చేయించే మనిషి. అక్కంటే ప్రాణం. కానీ కనపడని వాటికి భయం. అక్క పక్కన చతికిలబడి, గొంతు తగ్గించి చెప్పాడు.

"నువ్వు పోతానంటే నేను ఆపను అక్కా. నీ ఎంబడి అమ్మాయి కూడా రావాలి గదా. బావ ఎవర్ని రమ్మంటాడో... నీకు తెలుసా, నాకు తెలుసా?"

రాములమ్మ కూతురి వైపు చూసింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

అదీ ముడి. ఇంటికి పోకపోతే అమ్మ దక్కేట్టు లేదు. పోదామంటే, కూతురి ప్రాణానికి భయపడి అమ్మే రాదు. యమునకి ఈ నమ్మకాలు లేవు. లేవని గట్టిగా కూచోబెట్టి చెప్పే ఓపికా లేదు.

మూడో నెలలో కారు సంగతి వచ్చింది. ఆ ఇంట్లో షెడ్డులోనే ఉండిపోయింది కారు. అట్టాగే వదిలేస్తే బ్యాటరీ చచ్చిపోయిద్ది, ఎలకలు వైర్లు కొరికి పెడతాయి, వచ్చి తీసుకోండని స్టాండులో డ్రైవర్లు ఫోన్ చేశారు. ఆంజనేయులు పోయి పంతుల్ని అడిగాడు. ఇంటి చూరు కింద లేనిది ఇంటి లెక్కలోకి రాదు, షెడ్డు విడిగా ఉంది కాబట్టి తెచ్చుకోవచ్చు అన్నాడు పంతులు. కాకపోతే ఒక మాట. బండి కదిలాక, మళ్లీ మీ గడప తొక్కి కాళ్లు కడుక్కునేదాకా, వెనక్కి తిరిగి చూడకూడదు.

ఎవరు చూడకూడదు అని అడిగాడు ఆంజనేయులు.

ఎవరూ, అన్నాడు పంతులు.

ఆంజనేయులు లారీల మధ్యనే బతికాడు గానీ స్టీరింగు ముట్టుకుంటే చెమటలు పడతాయి. యమునకి నాయనే డ్రైవింగ్ నేర్పాడు. మామా మేనకోడలూ బస్సుకి బయల్దేరుతుంటే... రాములమ్మ లేచింది. చెప్పులేసుకుంది. ఎవర్నీ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి రోడ్డు మీద నిలబడింది. ఇన్నాళ్లలో ఆమె తనంతట తాను చేసిన పని అదొక్కటే. ఇద్దరూ ఆమె వెనకే మెట్లు దిగారు.

దారిలో లారీల వెనక ఇరుక్కుని, బస్సు గురజాల చేరేటప్పటికి చీకటి పడింది.

సందులోకి తిరిగారు. అటూ ఇటూ తలుపులు మూసున్నయ్. కుల్సుం వాళ్లింట్లో టీవీ మోగుతుంది గానీ కిటికీ తెరవలేదు. ఆంజనేయులు చేతికి తువ్వాలు చుట్టుకుని, గేటుకి కట్టిన కంప తాడు విప్పి పక్కకి లాగాడు. గేటు తోశాడు. అంతే. ఒక్క అడుగు కూడా లోపల పెట్టలేదు. రాములమ్మ గేటు బయట నాపరాయి మీద కూచుని, చీకట్లో తన ఇంటి వైపే చూస్తా ఉంది.

యమున ఒక్కతే లోపలికి పోయింది. వాకిట్లో ఎండుటాకులు కాళ్ల కింద నలుగుతున్నయ్. ఇంటి వైపు చూడలేదు. భయం వల్ల కాదు, చూసినా ఏం అనిపించదని తెలిసి. షెడ్డులో కారు మీద దుమ్ము. డోరు తీస్తే బీడీ వాసన. అది ఎప్పుడూ ఉండేదే. సీట్లో కూచుంటే కాళ్లు అందలా. నాయన పొడుగు మనిషి. సీటు కింద చెయ్యి పెట్టి ముందుకి జరపబోయి, కాసేపు అట్టాగే ఉండిపోయింది. తర్వాత జరిపింది.

ఇంజను రెండుసార్లు మూలిగి, ఆ తర్వాత అందుకుంది.

రివర్సు లైటు ఎప్పుడో పోయింది. గేటు బయట నుంచి ఆంజనేయులు, రా... రానీ... రానీ... అంటా చేతులూపుతున్నాడు. గేటు దాటేటప్పుడు వెనక చక్రం దేన్నో ఎక్కి దిగింది. గేటు కింద ఇనప పట్టా అయ్యుంటది అనుకుంది యమున. రాములమ్మ వెనక సీట్లో ఎక్కింది. ఆంజనేయులు గేటు మూసి, కళ్లు కూడా గట్టిగా మూసుకుని, తడుముకుంటా గేటుకి తాడు చుట్టి, పరిగెత్తుకొచ్చి ముందు సీట్లో పడ్డాడు.

పడగానే చేసిన మొదటి పని, లోపలి అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేయటం. రెండోది, చెయ్యి బయటపెట్టి ఎడమ అద్దం మడిచేయటం. కుడి అద్దం కోసం యమున మీదుగా వంగబోతే, ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

లారీలు మీదకొచ్చే రోడ్డు మామయ్యా, అదొక్కటీ ఉండనీ అంది.

అయితే అందులోకి చూడమాక అన్నాడు ఆయన.

చూడకపోతే ఇంకెందుకు ఉంచటం... అంది యమున. ఆయన రోడ్డు మీదే కళ్లు పెట్టి, తన పేరున్న దేవుడి మంత్రం చదువుకుంటా కూచున్నాడు.

ఊరి ఇళ్లు అయిపోయినయ్. వీధి దీపాలు అయిపోయినయ్. రెండు వైపులా మిరప చేలు. అప్పుడు మొదలైంది.

సర్ర్ర్... టక్.

వెనక నుంచి. కింద నుంచి.

సర్ర్... సర్ర్ర్... టక్.

ఆంజనేయులు నోట్లో మంత్రం ఆగిపోయింది. కాసేపు ముగ్గురూ విన్నారు. ఆయన తల తిప్పకుండా, పెదాలు కదపకుండా అడిగాడు.

"విన్నావా?"

"విన్నా."

"ఏంది అది?"

"తెలీదు."

నాయన ఒక మాట చెప్పేవాడు యమునకి. చప్పుడు చక్రంతో తిరిగితే చక్రానిది. ఇంజనుతో తిరిగితే ఇంజనుది. రెండిటితోనూ తిరక్కపోతే... అది మనుషులది. మనుషులదంటే, ఎక్కినోళ్లు మర్చిపోయిందని ఆయన ఉద్దేశం. ఒకసారి డిక్కీలో రుబ్బురోలు పొత్రం మర్చిపోయారు. ఒకసారి పెళ్లివాళ్లు బతికున్న కోడిని మర్చిపోతే, పిడుగురాళ్ల నుంచి ఇంటిదాకా ఇంజను పోయిందనుకుని బెంగపడుతా వచ్చాడంట.

యమున క్లచ్చు తొక్కి ఇంజను వేగం దించింది. బండి ఊరికే దొర్లుతుంది. చప్పుడు మారలేదు. ఇంజనుది కాదు.

కొంచెం ఎడమకి, కొంచెం కుడికి తిప్పి చూసింది. చక్రానిదైతే ఒక తూగు ఉంటది, తిరిగిన ప్రతిసారీ ఒకచోటే కొట్టుకుంటది. దీనికి తూగు లేదు. ఒకసారి ఈడ్చిద్ది, ఒకసారి తడిమిద్ది, ఒకసారి చానాసేపు ఊరుకుని... టక్‌మనిద్ది. చక్రానిది కాదు.

డిక్కీలో ఏమన్నా ఉందేమో చూద్దాం, ఒక్క నిమిషం ఆపుతా అంది. ఆంజనేయులు ఆమె చేతి మీద చెయ్యేశాడు. డిక్కీ ఉండేది వెనకే గదమ్మా అన్నాడు. ఆ మాటకి మామూలప్పుడైతే యమునకి నవ్వొచ్చేది.

పోనీ అమ్మని అడుగుదామని, తల తిప్పకుండానే, సీటుకి చెవి ఆనించి వినమ్మా, ఏదన్నా దొర్లుతుందేమో అంది. వెనక సీట్లో చీర కదిలిన చప్పుడు. తర్వాత చానాసేపు ఏం లేదు. అమ్మ మర్చిపోయిందేమో అనుకుంది యమున. అప్పుడు రాములమ్మ మాట్లాడింది. మామూలు గొంతుతో, పొద్దున కూరేం చేద్దాం అన్నట్టు.

"చెప్పులు ఈడుస్తున్నట్టు ఉంది."

కోటిబాబు ఎడమ కాలు ఈడుస్తా నడిచేవాడు. రోజంతా క్లచ్చు తొక్కి తొక్కి ఆ కాలు పట్టేసేది. సందు మొగలోనే తెలిసిపోయేది ఆయన వస్తున్నాడని. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

యమున తన చేతుల వైపు చూసుకుంది. వెంట్రుకలు లేచి నిలబడ్డయ్. ఎవరి చేతులో అన్నట్టు చూసింది వాటిని.

తొందరగా పోనీ అన్నాడు ఆంజనేయులు. పోనిచ్చింది. వెనక చప్పుడు కూడా తొందరైంది. సర్‌సర్‌సర్‌సర్... టక్... సర్‌సర్‌సర్... ఎవరో ఎగబోస్తా పరిగెడుతున్నట్టు. భయమేసి యాక్సిలరేటరు వదిలింది. అదీ మెల్లగైంది. సర్ర్ర్... సర్ర్ర్...

"పరిగెడుతున్నాడే..." అన్నాడు ఆంజనేయులు. ఆయన కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నయ్. "బావా, మమ్మల్నొదిలెయ్ బావా..."

ఎదురుగా గేదెలు అడ్డమొచ్చినయ్. యమున బ్రేకు తొక్కింది. బండి ఆగింది. చప్పుడూ ఆగింది. గేదెలు ఒక్కోటీ తాపీగా రోడ్డు దాటినయ్. చేలో ఎక్కడో మోటారు ఆడుతుంది.

అప్పుడు... ఆగి ఉన్న బండికి... వెనక నుంచి...

టిక్.

ఒక్కటే. వేలితో కొట్టినట్టు.

పోనీ పోనీ పోనీ అన్నాడు ఆంజనేయులు. యమున గేరు వేయబోయింది.

"ఆపు," అంది రాములమ్మ.

ఆగే ఉందమ్మా అంది యమున.

"ఇంకెంత దూరం నడిపిస్తారే ఆ మనిషిని. కాలు బాలేనోణ్ణి."

వెనక డోరు తెరుచుకుంది. ఆంజనేయులు సీట్లో వెనక్కి తిరగబోయి, తిరగకూడదని గుర్తొచ్చి, గాల్లోనే చేతులు జోడించాడు. అక్కా నీకు దణ్ణం పెడతా, వెనక్కి చూడొద్దు అక్కా అని గుసగుసగా ఏడ్చాడు.

"నేను వెనక్కి చూట్టంలేదు రా," అంది రాములమ్మ. "వెనక్కే పోతన్నా."

డోరు మూసుకుంది.

ఆంజనేయులు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. యమున కాలు బ్రేకు మీదే ఉంది. కాలు తీస్తే వెనక ఎర్రలైటు ఆరిపోయిద్ది, అమ్మ చీకట్లో ఉండిపోయిద్ది. అందుకని ఇంకా గట్టిగా తొక్కింది. తొక్కి... కుడి అద్దంలోకి చూసింది.

ఎర్రటి వెలుగులో అమ్మ వంగి ఉంది. బండి కిందకి చెయ్యి పెట్టింది. ఏదో పట్టుకుని లాగింది. రాలేదు. కాలు బంపరుకి తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వేసి లాగింది. తిండిలేని ఆ చేతులకి అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో... పెద్ద తుమ్మకంప. బండి కింద నుంచి ఊడి బయటికొచ్చింది.

వాళ్ల గేటుకి అడ్డంగా కట్టిందే అది. మామయ్య దాన్ని చీకట్లో పక్కకి లాగటం, తను రివర్సులో దాని మీదకి ఎక్కించటం, ఆయన కళ్లు మూసుకుని గేటుకి వట్టి తాడు చుట్టి రావటం. అంతా ఒక్కసారి అర్థమైపోయింది. వెనక్కి చూడకూడదని ముగ్గురికి ముగ్గురూ చూడలేదు. ఒక్కరు చూసినా సందులోనే తేలిపోయేది. ఇందాక టిక్‌మన్నది, వంగిన కొమ్మ నిటారుగా లేచినందుకు.

యమునకి గుండె మీద బరువు దిగింది. దాని వెనకే ఆశలాంటిది ఇంకోటి కూడా దిగింది. అంతేనా అన్నట్టు. కంపేనా.

మామయ్యకి చెబుదామని నోరు తెరిచింది. కానీ అమ్మ ఇంకా రాలా.

కంపని రోడ్డు పక్కకి ఈడ్చి గుంటలోకి తోసేసింది రాములమ్మ. చీరకి చిక్కుకున్న ముల్లు తీసుకుంది. అంతా అయిపోయింది, రావాలి. రాకుండా డిక్కీ దగ్గరే నిలబడింది. చీకటి వైపు మొహం పెట్టి, చేతులు కిందకి వదిలేసి, మెడ కొంచెం పక్కకి వంచి. ఎదురుగా లారీ వచ్చింది. అద్దం నిండా తెల్లటి వెలుగు కొట్టుకుపోయింది. లారీ దాటిపోయాక చూస్తే, అమ్మ అట్టాగే ఉంది. ఒకసారి తల ఊపింది.

తర్వాత వచ్చి కూచుంది. అరచేతిలో నెత్తురు చీర కొంగుతో అద్దుకుంది.

ఏముంది అక్కా, అన్నాడు ఆంజనేయులు మొహం మీద చేతులు తీయకుండానే.

"ఇంటికి పోదాం."

పోతన్నాం గదా అన్నాడు.

"మాచర్ల కాదు. మా ఇంటికి."

ఆంజనేయులు చేతులు తీశాడు. రాములమ్మ మెల్లగా, ఒక్కో మాటా పేర్చినట్టు చెప్పింది. ఆయనే వచ్చాడు. ఇంటికి రమ్మన్నాడు. అమ్మాయికేం కాదు, నేనున్నా గదా అన్నాడు. వెనక ఎడమ చక్రంలో గాలి దిగిపోతుంది, మెల్లగా రమ్మని చెప్పు పిల్లకి అన్నాడు.

చీర కొంగు అరచేతికి చుట్టుకుంది.

"లేదూ, మీ తమ్ముడింటికే పోతానంటే... సరే, నేనూ అక్కడికే వస్తా అన్నాడు."

"మా ఇంటికా?"

"మేడ మీదే గదా, మెట్లు ఎక్కగలను అన్నాడు."

ఆంజనేయులు చానాసేపు రోడ్డు వైపు చూస్తా కూచున్నాడు. ఆయన బుర్రలో రెండు గదులు, పెళ్లాం లక్ష్మి, పిల్లలు, మెట్ల మీద ఎడమ కాలు ఈడుస్తా వచ్చే చెప్పులు... అన్నీ ఒక్కోటిగా తిరుగుతున్నట్టు మొహం చూస్తే తెలుస్తానే ఉంది. చివరికి గొంతు సవరించుకున్నాడు. బావ బతికున్నప్పుడే ఆయన మాట నేను కాదన్లేదు, ఇప్పుడు కాదంటానా అన్నాడు. పొద్దున్నే పంతుల్ని వెంటబెట్టుకుని వచ్చి శాంతి చేయిస్తానన్నాడు. తనని రెంటచింతలలో దింపమన్నాడు.

యమున నోరు మూసుకుంది. కంప మాట చెప్పలేదు. అమ్మ ఇంత అబద్ధం ఇంత తాపీగా ఆడగలదని ఆ పిల్ల ఎప్పుడూ అనుకోలా.

రెంటచింతల సెంటర్‌లో సోడాబండి దగ్గర ఆంజనేయులు దిగాడు. అక్కకి జాగ్రత్తలు చెప్పాలని ఉంది, చెప్పాలంటే ఆమె వెనక సీట్లో ఉంది. అందుకని ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి చెప్పాడు. తలుపులేసుకోమని, భయమేస్తే ఎంతరాత్రైనా ఫోన్ చేయమని. బండి తిప్పుకుని పోతుంటే ఆయన అట్టాగే మాచర్ల వైపు మొహం పెట్టి నిలబడి ఉన్నాడు.

తిరుగుదారిలో చప్పుడు లేదు.

స్టీరింగు ఎడమకి లాగుతుంది. నిజంగానే గాలి దిగింది. ముల్లు దిగినాక గాలి దిగకుండా ఎట్టా ఉంటది, అమ్మ అది కూడా చూసే ఉంటది అనుకుంది యమున. అన్నిటికీ లెక్క కుదిరింది. ఒక్కదానికే కుదరటం లేదు. తన ప్రాణానికేమన్నా అయిద్దేమోనని ఇన్నాళ్లూ తిండి మానుకుని ఎండిపోయింది గానీ మళ్లీ ఇంటి మాటెత్తని మనిషి... ఇవాళ వట్టి అబద్ధం మీద తనని ఆ ఇంటికి ఎట్టా తీసకపోతుంది? ఎంత తిప్పి చూసినా ఆ ఒక్కటీ తెగలా. వెనక సీట్లో రాములమ్మ అద్దం దించుకుని, డ్రమ్ములో బియ్యం పురుగు పట్టి ఉంటది అంటుంది.

చుట్టిన తాడు జారిపోయి గేటు ఓరగా తెరుచుకుని ఉంది. బండి చప్పుడుకి కుల్సుం బయటికొచ్చింది. వదినా అని ఒక్క మాట అని ఆగిపోయింది. అగ్గిపెట్టె ఉందా అని అడిగింది రాములమ్మ. కుల్సుం లోపలికి పోయి అగ్గిపెట్టెతో పాటు చెంబుతో పాలు కూడా తెచ్చి, గేటు దాకా వచ్చి, కొంచెం ఆలోచించి, గేటు దాటి వాకిట్లోకి వచ్చి ఇచ్చింది.

తాళంచెవి రాములమ్మ బొడ్లోనే ఉంది. తలుపు తీసింది. లైటు వేసింది. మూసిన ఇంటి వాసన తప్ప ఇంకేం లేదు. చీర బిగించి వంటిల్లు ఊడ్చింది, బియ్యం చెరిగింది, పొయ్యి మీద పెట్టింది. వేడన్నం, ఆవకాయ. కంచం ముందు కూచుని కలుపుకుంది.

ఒక ముద్ద తింది. రెండోది తింది. యమున ఊపిరి బిగబట్టి చూస్తుంది. మూడోది తింది. అన్నం చాల్లేదని ఇంకొంచెం వడ్డించుకుంది. అరచెయ్యంతా ముళ్ల గీతలు, ఆవకాయ కారం మండుతుందేమో, పట్టించుకోవటం లేదు. అది చూస్తుంటే యమునకి ముక్కుపుటాలు అదిరినయ్. ఏడుపు వస్తుందని తెలిసింది. ఇన్నాళ్లకి.

దాన్ని ఆపుకోటానికే నవ్వుతా అంది.

"అమ్మా, నేను అద్దంలో చూశాలే. కంపే గదా అది. మామయ్యకి మాత్రం భలే కల్పించి చెప్పావు."

రాములమ్మ ముద్ద చేతిలో పట్టుకుని ఆగింది. అర్థం కానట్టు కూతురి వైపు చూసింది.

"కల్పించటమేందే?" అంది. "చప్పుడు కంపదే. దాన్ని లాగి అవతల పారేశాక గదా... ఆయన మాట్లాడింది."

ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, ఇంకోటి కలుపుకుంది.